భైంస్ ముందు బీన్

ఉర్దూలో ఒక సామెత ఉంది. భైంస్ కే ఆగే బీన్ బజానా. బర్రె ముందు నాగస్వరం ఊదినట్టు అని. తెలుగులో చెవిటివాడి ముందు శంఖం అంటారే, అదే. మా భైంసా పేరు చెవిన పడగానే ఉర్దూ తెలిసినవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఈ సామెతే. మేమూ నవ్వి ఊరుకుంటాం. కానీ ఈ సామెతలో ఒక తీర్పు దాగి ఉంది. ఊదేది సంగీతమేనని ముందే ఒప్పుకున్నాం, తప్పంతా వినేవాడిదే. ఊదేవాణ్ణి మాత్రం ఎవరూ అడగరు: అయ్యా, నువ్వు ఊదేదాంట్లో ఆ బర్రె బతుకు సంగతి ఏమన్నా ఉన్నదా అని.

ర్యాప్ సంగీతమా కాదా అన్న తగువు వచ్చినప్పుడల్లా మాకు ఈ బీన్ ఊదేవాడే కనబడతాడు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ పేటలో 1973 ఆగస్టు 11న కూల్ హెర్క్ అనే జమైకా కుర్రవాడు ఒక అపార్ట్‌మెంటు హాలులో రికార్డులు వేసిన రాత్రి నుంచి లెక్కపెట్టినా ఈ కళకు 50 ఏళ్లు దాటాయి. తగువుకూ అంతే వయసు. 50 ఏళ్లుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారంటే అడిగేవాళ్లకు జవాబు అక్కరలేదన్నమాట. వాళ్లకు కావలసింది గేటు దగ్గర కాపలా.

మా అనుభవంలో ఈ ప్రశ్న మూడు దిక్కుల నుంచి వస్తుంది. సంగీతం తెలిసిన పెద్దమనిషి, ఇది సంగీతం కాదు, వట్టి మాటలు అంటాడు. మా మౌల్వీ సాబ్, ఇది సంగీతమే, అందుకే వద్దు అంటాడు. ఊరేగింపు నాడు పోలీసు, ఇది సంగీతమో కాదో నాకెందుకు, ఎంత చప్పుడుందో చెప్పండి అంటాడు. ముగ్గురికీ ఒకరితో ఒకరికి పొంతన లేదు. ముగ్గురిలోనూ ఒక్కటే సామాన్యం: ఆ కుర్రవాడు నోటితో ఏమంటున్నాడో ఏ ఒక్కరూ వినరు. ఒకరు స్వరం వింటారు, ఒకరు వాయిద్యం వింటారు, ఒకరు డెసిబెల్ వింటారు. బరువంతా మాటల మీదే పెట్టిన కళను మాటలు తీసేసి తూస్తే ముల్లు ఎటు మొగ్గుతుంది?

మొదట పండితుల సంగతి. అమెరికాలో బెన్ షపిరో అనే మితవాద వ్యాఖ్యాత 2019లో సంగీత శాస్త్రం తెలిసిన తన తండ్రి మాటగా ఒక సూత్రం చెప్పాడు. సంగీతానికి మూడు అంగాలుండాలట: స్వరగతి, లయ, హార్మనీ. ర్యాప్‌లో ఉన్నది లయ ఒక్కటే కాబట్టి అది సంగీతం కాదట. ఈ సూత్రాన్ని మనవాళ్లు కూడా చాలామంది తలూపి ఒప్పుకున్నారు. తమ మెడకే చుట్టుకుంటుందని చూసుకోలేదు. హార్మనీ అంటే ఒకేసారి వేర్వేరు స్వరాలు పొరలు పొరలుగా మోగటం. అది యూరపు సంగీతానికి ప్రాణం. మన కర్ణాటక సంగీతంలో గాని హిందుస్తానీలో గాని ఆ పద్ధతి లేదు. షపిరో తూనికరాయితో తూస్తే త్యాగరాజూ సంగీతజ్ఞుడు కాడు, 1968లో హైదరాబాదులో కన్నుమూసి అక్కడి మట్టిలోనే కలిసిన బడే గులాం అలీ ఖాన్ కూడా కాడు. అదే షపిరో 2024లో టామ్ మెక్‌డోనాల్డ్ అనే ర్యాపర్‌తో కలిసి తానే ర్యాప్ చేసి అమెరికా అమ్మకాల జాబితాల్లోకి ఎక్కాడు. తన మాటలు జనంలోకి పోవాలనుకున్నప్పుడు అతనికీ ఆ 'సంగీతం కానిదే' కావలసి వచ్చింది.

అంతకుముందే 2018లో కేండ్రిక్ లమార్ ఆల్బమ్‌కు పులిట్జర్ సంగీత బహుమతి ఇచ్చారు. అంతదాకా ఆ బహుమతి క్లాసికల్, జాజ్ దాటి బయటికి రాలేదు. దీంతో తగువు తీరిపోయిందని కొందరు సంబరపడ్డారు. మాకు ఆ సంబరం లేదు. బహుమతి ఇచ్చే కమిటీ ఒప్పుకున్నందువల్ల సంగీతం అయిందంటే, ఒప్పుకోనన్నాళ్లూ కాదనే కదా అర్థం.

తెలుగువాళ్ల దగ్గర ఈ వాదం ఇంకో రూపంలో ఉంటుంది. 1994లో తమిళం నుంచి వచ్చిన 'ప్రేమికుడు'లో పేట ర్యాప్‌ను ఊరూరా పోరగాళ్లు నోటికి నేర్చారు. పెద్దలు మాత్రం ఇది పాటా, సంతలో అరుపులా అన్నారు. అన్నవాళ్ల ఇండ్లల్లోనే రేడియోలో బుర్రకథ వస్తే శ్రద్ధగా విన్నారు. బుర్రకథ ఏమిటి? కథకుడు తంబురా మీటుతూ, అడుగు వేస్తూ, మాటను లయ మీద పరిగెత్తిస్తాడు. పక్కన డక్కీలు పట్టుకున్న ఇద్దరు వంతలు తందానా అంటూ అందుకుంటారు. వాళ్లలో ఒకడు హాస్యం, ఇంకొకడు రాజకీయం. పాడింది ఎంతో మాట్లాడింది అంతకన్నా ఎక్కువ. ఆ రాజకీయం చెప్పే వంత పని ఏమిటంటే వీరగాథ మధ్యలో ఆగి, ఈనాటి ధరల గురించి, దొరల గురించి, సర్కారు గురించి ఒక చురక వేయటం. ర్యాప్‌కు దీనికన్నా దగ్గరి చుట్టం తెలుగులో మాకు కనబడదు.

ఆ బుర్రకథకు పితామహుడని తెలుగువాళ్లు పేరు పెట్టుకున్నది షేక్ నాజర్‌కు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి. దూదేకుల ఇంట పుట్టినవాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో పోయాడు. ఆయన జీవితకథ పుస్తకానికి పేరు 'పింజారి'. ఆ మాట తెలుగులో తిట్టుగా ఎలా వాడతారో పాఠకులకు చెప్పనక్కరలేదు. కులం పేరే తిట్టయిన మనిషి ఆ తిట్టునే తన పుస్తకం అట్ట మీద వేసుకున్నాడు. దీన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నాజర్ చేసింది సంగీతమా అని ఎవరూ అడగరు. ఎందుకంటే దానికి 'జానపదం' అని ఒక అర కట్టిపెట్టారు. అందులో ఒగ్గుకథ ఉంది, శారదకథ ఉంది, చిందు ఉంది, పీర్ల పండుగ నాడు గుండం చుట్టూ డప్పు మీద పడే అసోయ్ దూలా కూడా ఉంది. ఆ అరలో ఉన్నవాటికి వయసు మీరాలి, కోరలు ఊడాలి, అప్పుడు సన్మానం. గద్దర్ పాట మధ్యలో ఆపి మాట్లాడితే, మాట మధ్యలో పాట ఎత్తుకుంటే, గజ్జె మోగిస్తూ ప్రశ్న వేస్తే, అది నినాదం అన్నారు. 2023 ఆగస్టులో ఆయన పోయాక అదంతా కళ అయింది. బతికున్న నోటితో వీళ్లకు పేచీ. నిన్నగాక మొన్న పుట్టిన ర్యాప్ ఇంకా పళ్లు ఊడని జానపదం. పేచీ అందుకే.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాం. ఇక్కడ కాస్త నిదానంగా చెప్పుకోవలసింది ఉంది. ముస్లిమేతర మిత్రులకు మా చెవి ఎలా తయారవుతుందో తెలియదు. తెలుసుకునే అవకాశం మేం కూడా పెద్దగా ఇవ్వలేదు.

గొంతు విప్పి చేసే పనులకు మా ఇండ్లల్లో రెండు క్రియలున్నాయి. ఒకటి పఢ్‌నా, ఒకటి గానా. చదవటం, పాడటం. ఖురాన్ చదువుతారు. నాత్ చదువుతారు. మొహర్రంలో మర్సియా చదువుతారు, నౌహా చదువుతారు. మిలాద్‌లో సలాం చదువుతారు. ముషాయిరాలో గజల్ కూడా చదువుతారే కాని పాడరు. పాడేది సినిమాలో, ఖవ్వాలీలో, పెండ్లిలో ఢోలక్ ముందు కూర్చున్న ఆడవాళ్లు. ఇప్పుడు ఆ 'చదివే' వాటిని కండ్లు మూసుకుని వినండి. ఖారీ ఒక ఆయత్‌ను లాగుతాడు, నిలుపుతాడు, పైకెత్తి కిందికి దింపుతాడు. ఎక్కడ ఎన్ని మాత్రలు లాగాలో తజ్వీద్ శాస్త్రం లెక్క కట్టి చెబుతుంది. అరబ్బు దేశాల ఖారీలకు తాము చదివేది బయాతీలోనా, హిజాజ్‌లోనా, రస్త్‌లోనా అన్న తెలివిడి ఉంటుంది. ఇవి అక్కడి సంగీతంలో రాగాల వంటి మకాంల పేర్లే. అయినా ఖిరాత్‌ను సంగీతం అన్నారంటే మా పెద్దలు నొచ్చుకుంటారు. నౌహాలో ఛాతీ మీద పడే చేతుల దెబ్బే తాళం. అంత నిక్కచ్చి తాళం ఏ కచేరీలోనూ వినం. అదీ సంగీతం కాదు.

ఇది దొంగనాటకం కాదు. ఒక లోతైన ఆలోచన. సంగీతమా కాదా అన్నది మా దగ్గర స్వరాన్ని బట్టి తేలదు. మాట ముందుందా, రాగం ముందుందా అన్నదాన్ని బట్టి తేలుతుంది. మాట యజమాని, రాగం నౌకరు అయితే అది పఢ్‌నా. రాగం యజమాని అయిన చోట గానా.

ముషాయిరాలో దీనికే ఇంకా సన్నని గీత ఉంది. కొందరు షాయర్లు తరన్నుంలో చదువుతారు, అంటే ఒక బాణీ కట్టుకుని. జిగర్ మురాదాబాదీ అట్లా చదివేవాడు. కొందరు తహతుల్లఫ్జ్‌లో చదువుతారు, బాణీ లేకుండా ఉత్త గొంతుతో, మాట కింద మాట పేర్చుకుంటూ. కైఫీ ఆజ్మీ అందులో పేరు మోసినవాడు. తహత్‌లో రాగం సాయం లేదు కాబట్టి ఛందస్సు బిగువూ, విరుపూ, గొంతు బరువూ ఇవే ఆధారం. షాయర్ మొదటి మిస్రా అంటాడు. సభ దాన్ని ఎత్తుకుంటుంది. మళ్లీ అంటాడు. రెండో మిస్రాలో ఖాఫియా దాకా తెచ్చి ఒక్క క్షణం ఆపుతాడు. ఆ లోపల ముందు వరసలో కూర్చున్నవాళ్లు రదీఫ్‌ను తామే అనేస్తారు. వాహ్ వా, ముకర్రర్. అంత్యప్రాస మీద సభనంతా వేలాడదీసి వదలటం ఒక విద్య. ర్యాపర్ చేసేది ఇదే. వాడి తహత్ కింద ఒక డ్రమ్ము ఉంటుంది, అంతే. ఉర్దూ తెలిసిన మా తరం వాళ్లు ర్యాప్‌ను చూసి ముఖం చిట్లిస్తారు గాని, తాము చిన్నప్పటి నుంచి తహత్ విని పెరిగామన్న సంగతి మరిచిపోతారు.

తెలుగులోనూ పద్యాన్ని చదువుతామనే అంటారు. స్టేజీ మీద రాగం తీసినా సరే, పద్యం చదివాడు అనే మాట పోలేదు. కాబట్టి ఈ రెండు క్రియల తేడా మాదొక్కరిదే కాదు. తెలుగు వాడుకలోనూ దాని జాడ మిగిలే ఉంది.

ఇక మౌల్వీ సాబ్ అభ్యంతరం. సమా వినవచ్చునా కూడదా అన్న చర్చ మాలో కొత్తది కాదు. ఢిల్లీలో గియాసుద్దీన్ తుగ్లక్ దర్బారులో నిజాముద్దీన్ ఔలియా అంతటివాణ్ణి పిలిపించి ఉలేమా ముందు నిలబెట్టి అడిగిన ప్రశ్న అది. దాని మీద తీర్పు చెప్పే అర్హత మాకు లేదు, ఆ పని మేం పెట్టుకోం. ఒక్క విషయం మాత్రం అందరికీ తెలిసిందే. వాయిద్యాలను కాదనే ఆలిముల్లో కూడా చాలామంది దఫ్‌ను పండుగకూ పెండ్లికీ ఒప్పుకుంటారు. తీగ వాయిద్యాలు, ఊదే వాయిద్యాల దగ్గరే గట్టి అభ్యంతరం. అమెరికాలో 2000లో మొదలైన నేటివ్ దీన్ అనే ముస్లిం బృందం ఈ హద్దుకు కట్టుబడే ర్యాప్ చేస్తుంది. గొంతులు, డప్పు చప్పుళ్లు, అంతకు మించి లేదు. అంతకుముందే 1999లో మోస్ డెఫ్ అనే ర్యాపర్ తన ఆల్బమ్‌ను బిస్మిల్లాతో మొదలుపెట్టాడు. అంటే ఏమయింది? పండితుడు ర్యాప్‌లో ఏవి లేవని తోసేశాడో, ఆ లేకపోవటమే దాన్ని మా ఫిఖా హద్దులకు అందరికన్నా దగ్గరగా తెచ్చింది. ఉత్త గొంతు, కింద ఒక చప్పుడు. ఇంతకన్నా తక్కువ సంగీతం ఎక్కడ దొరుకుతుంది?

అయినా మా గడ్డ మీద ఈ సర్దుబాటు కుదరలేదు. 2018లో హైదరాబాదు కుర్రవాడు రుహాన్ అర్షద్ 'మియా భాయ్' అనే పాట యూట్యూబులో పెట్టాడు. కోట్ల మంది చూశారు. భైంసాలో ఆటోల్లో, మొబైల్ దుకాణాల్లో, పెండ్లి బరాత్‌లలో కొన్నాళ్లు అదే మోగింది. ముస్లింల మొహల్లాలోనే కాదు, అందరి గల్లీల్లో. కొన్నేళ్లు తిరక్కుండానే ఆ కుర్రవాడు, ఇస్లాంలో సంగీతం హరామ్ కాబట్టి దీన్ని వదిలేస్తున్నానని ప్రకటించాడు. అది అతని విశ్వాసం, అతని నిర్ణయం. దాన్ని వెక్కిరించిన సెక్యులర్ మిత్రులతో మేం ఏకీభవించం. కానీ పాట పెట్టినప్పుడు ఇది సంగీతం కాదని ఒకరు వెక్కిరిస్తే, మానుకున్నప్పుడు అది సంగీతమైనందుకే మానుకోవలసి రావటం చూసి మేం నవ్వాలో ఏడవాలో తెలియని స్థితిలో పడ్డాం.

విమర్శ రాస్తున్నాం కాబట్టి ఆ పాట గురించి సూటిగా చెప్పాలి. అది గొప్ప ర్యాప్ కాదు. బిగువు తక్కువ, బడాయి ఎక్కువ. ప్రాసలు సులువైనవి, ముందే తెలిసిపోతాయి. హైదరాబాదీ ముస్లిం అంటే దర్జా, దోస్తానా అని సినిమాలు గీసిన బొమ్మనే మళ్లీ రంగు వేసి చూపింది. కడుపుబ్బ నవ్వించిన 'ది అంగ్రేజ్' నుంచి ఈ బొమ్మ మారలేదు. బార్కాస్ రోడ్ల మీద, యాకుత్‌పురా గల్లీల్లో బతికే బతుకు అందులో లేదు. సచార్ కమిటీ 2006లో లెక్కలతో చూపించిన వెనుకబాటు అందులో లేదు. ఇదంతా ఒప్పుకున్నాకా ఆ పాటలో ఒక మాట మిగులుతుంది. అది దాని పేరే.

మియా. ఈ రెండక్షరాలు గౌరవంగా మొదలై ఎన్ని చోట్ల ఎట్లా దిగజారాయో చూడండి. అస్సాంలో బెంగాలీ మూలాలున్న ముస్లింలను తిట్టే మాట అది. 2016 నుంచి అక్కడి కవులు ఆ తిట్టునే నెత్తికెత్తుకుని మియా కవిత్వం రాశారు. 2019లో పదిమంది మీద పోలీసు కేసు పెట్టారు. మా ఊళ్లల్లో తురకోడు, సాయిబు అన్న పిలుపుల్లో ఏ స్వరం ఎప్పుడు ఏమవుతుందో మాకు తెలుసు. నాజర్ 'పింజారి' అన్న మాటను ఎందుకు మిగిలించుకున్నాడో ఇప్పుడు అర్థమవుతుంది. పరాయివాడు పెట్టిన పేరును నోటినిండా తానే పలకటం, పదిసార్లు పలకటం, పల్లవి చేసి పలకటం. ర్యాప్ అంతా ఈ పని చుట్టూ కట్టుకున్నదే.

ర్యాపర్ తన పేరు తానే చెప్పుకుంటాడు, సిగ్గు లేదు అంటారు. గజల్ చివరి షేర్‌లో తఖల్లుస్ వేసుకున్న షాయర్‌కు లేని సిగ్గు ర్యాపర్‌కు ఎందుకు? వేమనకు మకుటం ఉంది, క్షేత్రయ్యకు ముద్ర ఉంది. 1902లో కలకత్తాలో గ్రామఫోను రికార్డు ఇచ్చిన గౌహర్ జాన్ పాట అయిపోగానే ఇంగ్లీషులో తన పేరు తాను గట్టిగా చెప్పింది. అప్పట్లో రికార్డుల మీద గుర్తు కోసం అలా చెప్పించేవారంటారు. కారణం ఏదైనా గానీ, మర్యాదస్తుల ఇండ్లల్లో పేరెత్తని ఒక తవాయిఫ్ పేరు అలా లక్క రికార్డు మీద గీత పడి నిలిచిపోయింది.

ఇంతకీ 'ఇది సంగీతం కాదు' అన్న వాక్యం మాకు ఎందుకంత తెలిసిన వాక్యంలా వినబడుతుంది? ఎందుకంటే దానికి అన్నదమ్ములను మేం ఎరుగుదుం. దక్కనీ భాష కాదు, చెడిపోయిన ఉర్దూ అని లక్నో వైపు చూసే మా అష్రాఫ్ పెద్దలే అన్నారు. 16వ శతాబ్దం చివర గోలకొండలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా దీవాన్ రాసిన భాషకు ఆ గతి పట్టింది. సులేమాన్ ఖతీబ్ దక్కనీలో రాస్తే కడుపు పగిలేలా నవ్వి, మిజాహియా షాయరీ అని పక్కన కూర్చోబెట్టారు. ఆ నవ్వు కింద కట్నం గురించి, అత్తింటి ఆడదాని గురించి ఆయన పెట్టిన ఏడుపును చాలామంది వినలేదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడూ, 1998లో 'జల్‌జలా' సంకలనం వచ్చినప్పుడూ తెలుగు విమర్శకుల్లో కొందరు ఏమన్నారు? ఆవేదన సరే, కవిత్వం ఎక్కడ అన్నారు. ఉర్దూ మాటలు ఎక్కువయ్యాయన్నారు. నినాదం కవిత్వం కాదన్నారు. ముందు దిగంబరులను అన్నారు, తర్వాత దళితులను అన్నారు, స్త్రీలను అన్నారు, మమ్మల్నీ అన్నారు. భాష కాదు, కవిత్వం కాదు, సంగీతం కాదు. ఈ 'కాదు'లన్నీ ఒకే గానుగలో ఆడినవి.

అట్లాగని ర్యాప్ ఎందుకు నిలిచింది అన్న ప్రశ్నకు అణచివేత ఒక్కటే జవాబని మేం అనం. అణగారిన కళలు ఎన్నో నిలవలేదు. మా పక్కనే కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పీర్ల పాటలు పాడే గొంతులు తగ్గిపోతున్నాయి. ర్యాప్ నిలవటానికి లెక్కలు వేరే ఉన్నాయి. అది అన్నింటికన్నా చవక కళ. వీణ కొనాలి, తబలా కొనాలి, ఉస్తాద్ దగ్గర గండా కట్టించుకోవాలి, ఏండ్లు కూర్చోవాలి. ర్యాప్‌కు నోరుంటే చాలు. బ్రాంక్స్‌లో వాయిద్యాలు కొనలేని పిల్లలు ఇంట్లో ఉన్న రికార్డు ప్లేయర్‌నే వాయిద్యం చేసుకున్నారు. ఇక్కడ 2016లో చవక ఇంటర్నెట్ వచ్చాక ఫోనే స్టూడియో అయింది. బీటు ఉచితంగా దొరుకుతుంది. దాని మీద ఏ భాషైనా కూర్చుంటుంది. రాగం ఒక భాష నుంచి ఇంకో భాషకు పోతే మాట విరుగుతుంది. లయకు ఆ పేచీ లేదు. అందుకే ర్యాప్ ముంబయి కుర్లాలో నేజీ నోట బొంబాయి హిందీ అయింది, 2010లో కాశ్మీర్‌లో ఎంసీ కాష్ నోట నిరసన అయింది, హైదరాబాదులో దక్కనీ అయింది.

భైంసాకు ఇది ఇంకా బాగా కుదరాలి. 1956 దాకా ముధోల్ తాలూకా నాందేడు జిల్లాలో ఉండేది. రాష్ట్రాలు విడదీసినప్పుడు ఆదిలాబాద్‌లో కలిసింది, 2016 నుంచి నిర్మల్ జిల్లా. పత్తి జిన్నింగ్ మిల్లు దగ్గర బండి ఆపి నిలబడితే పావుగంటలో తెలుగు, మరాఠీ, దక్కనీ మూడూ వినబడతాయి, ఒక్క వాక్యంలోనే మూడూ వినబడ్డా ఆశ్చర్యపోరు. మరాఠీ వైపు నుంచి మాకు షాహిరీ తెలుసు. చేతిలో డఫ్, నోట సవాలు-జవాబు. కల్గీ-తురా పోటీలకు మూలపురుషులుగా ఒక సాధువునూ ఒక ఫకీరునూ చెబుతారు, తుకన్‌గీర్, షా అలీ. ఆ షాహిర్ అన్న మాట మా షాయరే. అమర్ షేక్ అనే ముస్లిం షాహిర్ సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో గిరిణీ కార్మికుల ముందు గొంతు చించుకుని పాడాడు. ఇన్ని పాయలు కలిసే చోట కుర్రవాళ్ల నోట ఇంతవరకూ ఊరు దాటి వినబడే ఒక ర్యాప్ రాలేదు. హైదరాబాదు యాసను అనుకరించటం దగ్గరే ఆగిపోతున్నారు.

వచ్చింది ఇంకొకటి. దాన్ని గురించి మాట్లాడకుండా ర్యాప్‌ను సమర్థించటం మాకు చేతకాదు. గత పదేళ్లలో ఉత్తరాది నుంచి ఒక కొత్త రకం పాట దిగింది. కాషాయ జెండా, డీజే బీటు, తిట్టు. కునాల్ పురోహిత్ అనే పత్రికా రచయిత 2023లో ఈ పాటలు తయారుచేసేవాళ్ల మీద 'హెచ్-పాప్' అనే పుస్తకమే రాశాడు. వీటిలో కొన్ని ర్యాప్‌లాగే నడుస్తాయి. అదే లయ, అదే ప్రాస, అదే నోటి బలం. పేరు మాత్రం తమది కాదు, మాది. తన పేరు తాను చెప్పుకోవటానికి పుట్టిన కళలో ఇంకొకడి పేరు ఎత్తి బెదిరించటం. రూపానికి మతం లేదు, నీతీ లేదు. మా మిలాద్ జులూస్‌లలోనూ డీజేలు దిగాయి. అక్కడ నాత్‌ను బీటు కింద తొక్కేశారు. పఢ్‌నాకు ఉన్న అదబ్ పోయింది, గానాకు ఉన్న అందమూ రాలేదు. దీనికి మేం ఎవరిని నిందించగలం?

సర్కారు దగ్గర ఉన్న మందు చప్పుడు మందు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. 2024 అక్టోబరులో హైదరాబాదు నగర పోలీసులు ఏ మతం ఊరేగింపులోనూ డీజే వద్దన్నారు. మంచిదే, గుండె జబ్బు మనుషులు రెండు మతాల్లోనూ ఉన్నారు. కానీ 54 డెసిబెల్స్‌లో చెప్పిన విషం నియమాలకు లోబడినదే అవుతుంది. 60 డెసిబెల్స్‌లో ఒక పిల్లవాడు తన గల్లీ గురించి చెప్పుకుంటే నేరమవుతుంది. మీటరు మాటను వినదు.

భైంసాలో మాట అంటే ఏమిటో 2008 అక్టోబరు చెప్పింది. దుర్గా నిమజ్జనం ఊరేగింపు నాడు మొదలైన అల్లర్లు ఊరు దాటాయి. దగ్గరలోని వటోలిలో ఒక ముస్లిం కుటుంబాన్ని ఇంట్లోనే కాల్చి చంపారు. పిల్లలతో సహా ఆరుగురు. తర్వాత 2020 జనవరిలో మళ్లీ, 2021 మార్చిలో మళ్లీ. ఇండ్లు కాలాయి, దుకాణాలు కాలాయి, ఇంటర్నెట్ ఆపారు. ఈ ఊళ్లో ఒక కుర్రవాడు మైకు ముందు నోరు విప్పితే అది సంగీతమా కాదా అని కొలవటానికి ఏ విద్వాంసుడూ రానక్కరలేదు. వాడు ఎవరిని ఉద్దేశించి, ఎవరి పక్కన నిలబడి, ఏమంటున్నాడో వినే చెవి కావాలి.

అందుకని మేం ఈ పాటలను చూడవలసిన తీరు వేరు అనుకుంటున్నాం. బహర్ సరిగ్గా ఉందా, ఖాఫియా కొత్తదా, విరుపు ఎక్కడ పెట్టాడు అని చూడాలి. షాయర్‌ను ఎంత గట్టిగా అడుగుతామో అంతే గట్టిగా అడగాలి. పిల్లవాడు, పేదవాడు, మనవాడు అని మార్కులు వేయొద్దు. 'మియా భాయ్' వంటి పాట తన పేరు తాను చెప్పింది, బాగుంది. చెప్పాక ఆ నోటికి ఇంకేమన్నా పని ఉందా అని అడగాలి. ఆ పేరున్నందుకే ఏం జరిగిందో చెప్పే పాట ఇంకా రాలేదు. దక్కనీలో ప్రాస లేక రాలేదనటానికి వీల్లేదు. వటోలికి ఖాఫియాలు కావలసినన్ని ఉన్నాయి. బోలీ ఉంది, ఝోలీ ఉంది, డోలీ ఉంది, గోలీ ఉంది, హోలీ ఉంది. తెలుగులో అంత్యప్రాస పట్టినా కూలి ఉంది, వాకిలి ఉంది, ఆకలి ఉంది.